పెద్దత్త పారబోసిన కొబ్బరినీళ్ళు

నా చిన్నప్పుడు నేను మనసారా అసహ్యించుకున్న మనిషి ఒక్కరే, మా పెద్దత్త. రాజోలులో నర్సు. మలికిపురం దగ్గర మా ఇంటికి వచ్చిందంటే చెప్పులు విప్పకముందే అమ్మతో తగువు మొదలయ్యేది. ఆవిడ తల్లి, అంటే మా నాయనమ్మ, మా దగ్గరే ఉండేది. అమ్మ సరిగ్గా చూడటం లేదని ఆవిడ అనుమానం.

ఆ వేసవిలో నాయనమ్మకి కాళ్ళు పొంగాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుండె కవాటం పాడైందనీ, నీళ్ళు తగ్గించమనీ డాక్టరు చెప్పారు. మంచినీళ్ళు తగ్గించాం. కొబ్బరినీళ్ళు ఆపలేదు. మా వైపు ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు బొండం కొడతారు; అవీ నీళ్ళేనని మాలో ఎవరికీ తట్టలేదు. రోజూ నేనే దగ్గర కూర్చుని గ్లాసులకు గ్లాసులు తాగించేదాన్ని.

ఒకరోజు అది పెద్దత్త కంటపడింది. గ్లాసు లాక్కుని పెరట్లో పారబోసి, "చంపేద్దామనుకున్నారా?" అని అరిచింది.

"పిల్లనేమీ అనకండి వదినగారూ. లేత బొండాలేనండీ," అంది అమ్మ.

"ఆయ్, లేతవైతే నీళ్ళు కావేటి?"

నా రెక్క పట్టుకుని బోరింగు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. లోపలి తోలు వాషరు అరిగిపోయి, పైకొచ్చిన నీళ్ళు సగం కిందికే జారిపోయే బోరింగు అది. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టించింది. బిందె నిండలేదు.

అప్పుడు చెప్పింది. గుండెలో పై గదులు ముందు నొక్కుకుని కింది గదుల్ని నింపుతాయట. కింది గదులు బిగుసుకోగానే మధ్య తలుపులు మూసుకుంటాయి, అదొక చప్పుడు. రక్తం బయటికి పోయాక, అది వెనక్కి రాకుండా బయటి తలుపులు మూసుకుంటాయి, అది రెండోది. తర్వాత గుండె వదులై మళ్ళీ నిండుతుంది. నాయనమ్మకి మధ్య తలుపు సరిగ్గా పడటం లేదు. పిండిన రక్తంలో కొంత వెనక్కే పోతోంది.

"అదే తోడలేక చస్తంటే, నువ్వింకా పోస్తన్నావు," అంది.

స్టెతస్కోపు నా చెవుల్లో పెట్టి నాయనమ్మ గుండెకి ఆనించింది. రెండు చప్పుళ్ళ మధ్య బుస్సుమని వినిపించింది. నేను తాగించిన గ్లాసులన్నీ గుర్తొచ్చి భోరుమన్నాను. పెద్దత్త ఓదార్చలేదు. రేపట్నుంచి నువ్వే కొలిచి ఇవ్వాలని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి కాపలా నాదే. నాయనమ్మ ఒక్క గుక్క కోసం బతిమాలింది, ఏడ్చింది, శాపనార్థాలు పెట్టింది. "నీ మేనత్త పోలికే వచ్చిందే నీకు," అంది. అంతకన్నా పెద్ద తిట్టు నాకు ఇంకోటి లేదు. అయినా ఇవ్వలేదు. కాళ్ళ వాపు తీసింది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది, నన్ను తిడుతూనే.

పెద్దత్త మీద కోపం నాకిప్పటికీ పోలేదు. కానీ మా ఇంట్లో ఎవరికైనా వద్దని చెప్పాల్సి వస్తే అందరూ తలలు దించుకుంటారు, నేను చెబుతాను.