మెట్లెక్కి వచ్చినవాడు

సినిమాలో హీరో నడిచొస్తుంటే టకటకమని బూట్ల చప్పుడు వినిపిస్తుంది కదా, అది హీరోది కాదు. షూటింగు అయ్యాక ఓ మూసిన గదిలో, తెర మీది బొమ్మను చూస్తూ ఇంకెవరో నడిస్తే పుట్టిన చప్పుడది. ఈ కథలో ఆ ఇంకెవరో పేరు చెప్పులాయన. అసలు పేరు ఆయనే మర్చిపోయి ఉంటాడు.

ముప్పై ఏళ్ళ కిందట ఆయన డాన్సు గుంపులో చివరి వరసలో ఎగిరేవాడు. ఒకరోజు అడుగులేసే మనిషి రాకపోతే, "నీ కాళ్ళు ఖాళీయేగా, రా" అని లాక్కుపోయారు. అంతే, మళ్ళీ తెర మీదికి రాలేదు. గచ్చు పలక, చెక్క మెట్టు, ఇసుక పళ్ళెం, కంకర తట్ట, నలభై ఒక్క జతల చెప్పులు. అదీ ఆయన సామ్రాజ్యం! తెర మీద చాలాసార్లు కాళ్ళు కనపడవు. అందుకని నటుల భుజాలు చూసి అడుగేసేవాడు. భుజం దిగిందంటే కాలు ఆనినట్టే. ఇక చెవులంటారా, పాము చెవులు. వరండాలో ఎవరి చెప్పుకు అడుగు ఊడిందో గదిలోంచే చెప్పేవాడు.

చిక్కల్లా ఇంటికొచ్చాకే. పగలంతా ఎవరి నడక నడిచాడో ఆ నడకతోనే ఇంటి మెట్లెక్కేవాడు. "ఇవాళ పోలీసు వచ్చాడే!" అనేది భార్య వంటింట్లోంచి. ఇంకోరోజు, "అమ్మో, పెళ్ళికూతురు! ఎదురు రమ్మంటారా?" అనేది. నోట్లో నాలుక లేని మనిషి, సిగ్గుపడి నవ్వేసేవాడు.

కాలం ఊరుకుంటుందా? లోకంలోని అడుగులన్నీ కంప్యూటర్లోకి వచ్చి కూర్చున్నాయి. స్టూడియో యజమాని ముఖం మీదే చెప్పేశాడు: "ఈ సినిమా చివరి సీను నువ్వు చెయ్యి. బొమ్మకు అతికితే నువ్వుంటావు. లేదంటే ఇక మిషనే." చెప్పులాయన గుండెల్లో రాయి పడింది. ఈ పని తప్ప ఆయనకు ఇంకో పనీ రాదు, ఇంకో ముచ్చటా లేదు.

ఆ సీనులో హీరోయిన్ ఇల్లు వదిలేసి పన్నెండు మెట్లు దిగి వెళ్ళిపోతుంది. ఆయన ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుని, ఆమె భుజాలకు కళ్ళప్పగించి, పన్నెండు అడుగులూ వేశాడు. ఒక్కటీ ముందూ వెనకా కాలేదు.

"అదిరింది బాబాయ్!" అన్నాడు సౌండ్ ఇంజినీరు.

"ఏదీ, వినిపించు."

టక్. టక్. మధ్యలో ఓ చిన్న ఈడ్పు. చెప్పులు మార్చి చేశాడు. చెక్క మార్చి చేశాడు. ఈడ్పు పోలేదు. అప్పుడు తెలిసింది, తప్పు చెప్పులది కాదు, తన ఎడమ కాలిదని. అందరి అడుగులూ పట్టినవాడు తన అడుగు వినలేదు. దీపం కింద చీకటంటే ఇదే మరి.

"మ్యూజిక్ కప్పేస్తుంది బాబాయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిందిగా. ఆ పిల్ల తలెత్తుకుని పోతోందిరా, కాలీడుస్తూ కాదు. నాది చెరిపెయ్. మిషన్‌దే పెట్టుకో."

చెప్పుల సంచీ అక్కడే గోడకానించి వచ్చేశాడు.

సాయంత్రం ఇంటి మెట్లు ఒక పట్టాన తరగలేదు. తలుపు తీస్తూనే భార్య, "ఎడమ కాలు ఇవాళ మరీ లాగుతున్నట్టుందే?" అంది.

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నీకెలా తెలుసు?"

"వినపడుతోందిగా. ఏడాదై వింటున్నా."

"ఏడాదా! మరి చెప్పలేదేమే? నా పని పోయింది తెలుసా..." కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. కింద కూర్చుని, ఆ ఎడమ కాలు ఒళ్ళో పెట్టుకుంది. "తప్పేనండీ. చెప్పాల్సింది. కానీ చెబితే మీరు దాన్ని దిద్దుకుంటారు, మీ సంగతి నాకు తెలీదూ?" అంది, కాలు మెల్లగా ఒత్తుతూ. "ముప్పై ఏళ్ళు ఆ మెట్లెక్కి ఎవరెవరో వచ్చారు నా ఇంటికి. ఈ ఏడాదే మీరొస్తున్నారు."