ముప్పై మిల్లీమీటర్లు

“ముప్పై మిల్లీమీటర్లు దించాలి,” అంది ఆమె.

మెకానిక్ చేతులు తుడుచుకుని కారు వైపు చూశాడు. తెల్లటి హైబ్రిడ్ కారు. పెట్రోలు ఇంజనూ బ్యాటరీ మోటారూ వంతులేసుకుని నడిపే బండి. ఏడేళ్లది. ఇలాంటి కారును నేలకు దగ్గరగా దించమని ఇంతవరకు ఎవరూ అతని షెడ్డుకు రాలేదు. కార్లు దించమని వచ్చేవాళ్లు వేరు. వాళ్లకు ఇరవై ఏళ్లుంటాయి. కారు ఆపాక కూడా పాట ఆపరు.

“ఎవరికి చూపించడానికి టీచరమ్మా?”

“ఇన్‌స్పెక్టరుకి.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. చక్రాల కుర్చీని కారు పక్కకు తోసుకుని, ఒళ్లో ఉన్న టేపు తీసి, సీటు ఎత్తు కొలిచి చూపించింది. యాభై రెండు సెంటీమీటర్లు. తర్వాత తన కుర్చీ ఎత్తు కొలిచింది. నలభై తొమ్మిది.

ఊళ్లో ఆమెను క్లచ్చమ్మ అంటారు. పందొమ్మిదేళ్లు డ్రైవింగ్ నేర్పింది. పక్క సీట్లో కూర్చుని “క్లచ్, ముందు క్లచ్” అని అరిచే అరుపు వీధి చివర దాకా వినబడేది. అంతకు ముందు ఆరేళ్లు స్పేర్ పార్ట్స్ దుకాణంలో కౌంటరు వెనక నిలబడింది. విరిగిన ముక్క చేతికిస్తే, ఏ బండిదో, ఎందుకు విరిగిందో చెప్పేది. నేర్చుకునేవాళ్లు ఆమెను ఎన్నో గోడల మీదికి, గేట్ల మీదికి, ఒకసారి ఆగి ఉన్న రోడ్డు రోలరు మీదికి తీసుకెళ్లారు. ఒంటి మీద గీత పడలేదు. మూడేళ్ల కిందట కర్టెను తగిలించబోయి స్టూలు మీంచి పడింది. నడుము కింద ఇక ఏదీ కదల్లేదు.

“స్టూలుకి బ్రేకు లేదు,” అంది ఆస్పత్రిలో. పరామర్శకు వచ్చినవాళ్లకు ఏ ముఖం పెట్టాలో తెలియలేదు.

ఆ తర్వాత క్లచ్ లేని ఈ కారు కొనుక్కుంది. ఎడమ చేతి కింద ఒక మీట పెట్టించింది. తోస్తే బ్రేకు. లాగితే వేగం. కుడి చెయ్యి స్టీరింగుకు. సొంతానికి నడుపుకునే లైసెన్సు వచ్చింది. నేర్పే లైసెన్సు రాలేదు.

నేర్పేవాళ్లకు పెట్టే పరీక్ష వేరు. నలభై అయిదు కిలోమీటర్ల వేగంతో వస్తూ ఎదురుగా ఉన్న అడ్డాన్ని తప్పించి, మళ్లీ వెంటనే తన వరుసలోకి రావాలి. ఒక్క కోను పడకూడదు. ఆమె స్టీరింగు తిప్పింది. కారు పక్కకు ఒరిగింది. కాళ్లు ఆన్చి ఆగే వీలు లేదు కాబట్టి ఆమె తలుపు వైపు జారింది. ఒంటితో పాటు చెయ్యి, చేతితో పాటు మీట. కారు ఆగాల్సిన చోట వేగం అందుకుంది. మూడో కోను పడింది.

‘అభ్యర్థికి శరీరంపై అదుపు చాలదు’ అని ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాశాడు. నోటితో ఇంకో మాట చెప్పాడు. “ఈసారి సీటుకి గట్టిగా కట్టేసుకుని రండమ్మా. ఇంకొక్క అవకాశమే ఉంది.”

“నన్ను కట్టేస్తే కారు ఒరగడం మానుతుందా?”

ఆ ప్రశ్నకు కాగితంలో గడి లేదు.

అందుకే ఇప్పుడు మెకానిక్ షెడ్డులో ఉంది. అతను కేటలాగు తెరిచాడు. ఒకప్పుడు ఆమె దగ్గరే నేర్చుకుని, మూడుసార్లు తప్పి, నాలుగోసారి గట్టెక్కినవాడు. అయినా తన షెడ్డులో తనే పెద్ద.

“ఇది చూడండి. ఎత్తు మనకిష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. ఏకంగా యాభై దించేద్దాం. బండి పాకుతున్నట్టుంటుంది.”

“పాకడం దేనికి? కింద బ్యాటరీ కేబులు వెళ్తుంది. యాభై దించితే మొదటి స్పీడు బ్రేకరు మీదే దాని మూత రాసుకుపోతుంది.”

“పోనీ పొట్టి స్ప్రింగులొక్కటే వేద్దాం. సింపులు.”

“పాత షాక్ అబ్జార్బర్ల మీద పొట్టి స్ప్రింగులా? ఉయ్యాల ఊగుతుంది. షాకులు కూడా స్ప్రింగులకు తగ్గ పొట్టివే వెయ్యి. వెనక స్ప్రింగులు పెట్రోలు బండివి తెచ్చేవు, వెనక బ్యాటరీ బరువుంది. హైబ్రిడ్‌కని చేసినవే కావాలి.”

అతను రాసుకోవడం మొదలుపెట్టాడు.

“ఇవన్నీ ఎత్తు కోసం,” అంది ఆమె. “కుర్చీలోంచి సీటులోకి పలక మీద జరుగుతాను. ఇప్పుడది ఏటవాలు ఎక్కడమే. ఎక్కేసరికే సగం బలం పోతుంది. అసలు పని వేరే ఉంది. వెనక అడ్డంగా ఊచ ఉంటుంది చూడు, కారు ఒరగకుండా పట్టేది. దాన్ని లావుది వెయ్యి.”

“కుదుపులు తెలుస్తాయి మరి.”

“తెలియనీ. నడుము పైన తెలిసేది నాకింకా చాలా మిగిలుంది.”

తమ్ముడు మధ్యాహ్నం వచ్చాడు. ఆమె నేర్పిన డ్రైవింగ్ స్కూలు ఇప్పుడు అతనే చూసుకుంటున్నాడు. కారు నాలుగు చక్రాలూ ఊడి, గాలిలో వేలాడుతోంది.

“ఏంటక్కా ఇది? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నువ్వు తప్పితే కారుదా తప్పు?”

“ఈసారి మద్దెల నిజంగానే ఓడు. అదిగో, బిగిస్తున్నారు.”

“హాయిగా ఆఫీసులో ఉండొచ్చుగా. ఫోన్లు చూసుకో. నీకోసం మెత్తటి కుర్చీ కూడా తెప్పించాను.”

“కుర్చీ నాకు ముందే ఉంది కదరా.”

తమ్ముడు మెకానిక్ వైపు చూశాడు. మెకానిక్ పానాల పెట్టెలోకి చూశాడు.

“నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు,” అన్నాడు తమ్ముడు.

“నాకంటే మూడు ఎక్కువేగా. దాని సంగతి వదిలెయ్.”

అతను ఆపుకుందామనుకుని ఆపుకోలేక నవ్వాడు. నవ్వినందుకు కోపం వచ్చి వెళ్లిపోయాడు.

పని మర్నాటికి పూర్తయింది. ఆమె వీధి చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చింది. కారు ఒరగడం తగ్గింది కానీ బిర్రుగా ఉంది, ఎక్కడో పట్టేసినట్టుంది. టేపు తీసి కొలిచింది. దిగింది పద్దెనిమిదే.

“స్ప్రింగులు సర్దుకుంటాయి టీచరమ్మా. నాలుగు రోజులు తిరిగితే అదే దిగుతుంది.”

“స్ప్రింగులు కాదు. చక్రాల కీళ్లలో రబ్బరు బుష్‌లున్న బోల్టులు ఎక్కడ బిగించావు?”

“లిఫ్టు మీద.”

“చక్రాలు వేలాడుతుండగానా?”

అతను లిఫ్టు వైపు చూశాడు.

“వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు అక్కడే పట్టుకుంటుంది. కిందికి దించగానే మెలిపడి కారుని పైకి నెడుతుంది. ఆర్నెల్లలో చిరుగుతుంది కూడా. కౌంటర్లో నా ముందుకి వచ్చిన చిరిగిన బుష్‌లలో సగం ఇలాంటివే. అన్నీ వదులు చెయ్యి. చక్రాలు నేల మీద ఉండాలి, బరువు లోపల ఉండాలి. అప్పుడు బిగించు.”

“సరే. సీట్లో ఇసుక బస్తా పెడతాను.”

“పరీక్షకి ఇసుక బస్తా వెళ్తుందా?”

కారును షెడ్డులో కింద నుంచి పని చేసే గుంత మీదికి తెచ్చారు. ఆమె పలక వేసుకుని సీటులోకి జరిగి, నిటారుగా కూర్చుంది. అతను పానా తీసుకుని గుంతలోకి దిగాడు. కింద ఒక్కొక్క బోల్టూ కిర్రుమంటూ వదులైంది. కారు కొద్దిగా నిట్టూర్చినట్టు దిగింది.

“కదలకండి,” అన్నాడు కింది నుంచి.

“పందొమ్మిదేళ్లు నీలాంటివాళ్ల పక్కన కదలకుండానే కూర్చున్నాను.”

అతను బిగించాడు. ముందు ఎడమ, ముందు కుడి, వెనక రెండూ. చివరిదానికి పానా టక్కుమంది. పైకి వచ్చి కొలిచాడు. ముప్పై. మళ్లీ కొలిచాడు. మళ్లీ ముప్పై.

ఆమె సీటుకీ కుర్చీకీ మధ్య పలక పెట్టి, అతని బల్ల మీద ఉన్న బేరింగు గోళీ ఒకటి అడిగి తీసుకుంది. పలక మీద పెట్టింది. గోళీ ఎటూ దొర్లలేదు.

పరీక్ష రోజు అదే మైదానం, అదే ఇన్‌స్పెక్టరు. కారు చుట్టూ తిరిగి, వంగి కిందికి చూశాడు.

“దించారా?”

“దించాను. కొలుచుకోండి, నిబంధన దాటలేదు.”

“ఎందుకు?”

“మీరు రాసింది చదివాక.”

ఆయన కాగితం పట్టుకుని మైదానం అంచున పందిరి నీడ వైపు నడిచాడు.

“పక్కన కూర్చోండి,” అంది ఆమె.

“మేం బయటే నిలబడి చూస్తామమ్మా.”

“బయటి నుంచి కోన్లు కనబడతాయి. నేను కనబడను. రేపు నా పక్కన కూర్చునే మనిషికి ఏమవుతుందో మీకు తెలియొద్దా?”

ఆయన నీడ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. వచ్చి కూర్చున్నాడు. బెల్టు పెట్టుకుని, తలుపు పైనున్న పిడి పట్టుకున్నాడు.

ఆమె మీట లాగింది. ముప్పై. నలభై. నలభై అయిదు. అడ్డం దగ్గరికి వచ్చింది. తిప్పింది. కారు ఒరగలేదు, తిరిగింది. మళ్లీ తిప్పింది. ఎడమ చెయ్యి ఉండాల్సిన చోటే ఉంది. తోసింది. కారు గీత మీద ఆగింది. వెనక కోన్లన్నీ నిలబడి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు రెండు చేతులా పిడికి వేలాడుతున్నాడు.

“ఇక వదలొచ్చు,” అంది ఆమె. “నా దగ్గర పిడి పట్టుకున్నవాళ్లని వారం దాకా మైదానం దాటనివ్వను.”

ఆయన పిడి వదిలి కలం తీశాడు. ఉత్తీర్ణురాలు అని రాసి కాగితం ఇచ్చాడు. ఆమె చదివి, దాని కింద గుచ్చి ఉన్న పాత కాగితం తిప్పింది.

“ఇది కొట్టెయ్యండి.”

“రాసింది కొట్టెయ్యకూడదమ్మా.”

“అయితే కింద రాయండి. ఒరిగింది కారు, సరిచేశారు అని.”

ఆయన కలం గాలిలో ఆపాడు. వెనక వరుసలో ఎవరో హారను కొట్టారు. ఆమె మీట మీద నుంచి చెయ్యి తీయలేదు, కారు కదపలేదు. ఆయన రాశాడు.

స్కూలు ఆఫీసులో మెత్తటి కుర్చీ కిటికీ పక్కన ఉంది, ఇంకా ప్లాస్టిక్ కవరు తీయలేదు. ఆమె కాగితం తమ్ముడి ముందు పెట్టింది. అతను రెండు కాగితాలూ చదివాడు. కింద రాసిన వాక్యం దగ్గర ఆగి, మళ్లీ చదివాడు.

“ఆ కుర్చీ తీసెయ్,” అంది. “నాది తిరగడానికి చోటు చాలట్లేదు. రేపు పొద్దున ఎవరున్నారు?”

“ఒకావిడ ఉంది. నాలుగుసార్లు ఫెయిలైంది. ఎవరూ ఎక్కించుకోవడం లేదు.”

“నాకివ్వు.”

సుద్దముక్క తీసుకుని గోడ మీది బోర్డు దగ్గరికి వెళ్లింది. ఎవరికి ఏ వేళో, ఏ కారో అందులో రాస్తారు. చెయ్యి ఎత్తింది. అన్నిటికంటే కింది వరుస కూడా అందలేదు. సుద్దముక్క ఒళ్లో పెట్టుకుంది.

“బోర్డు కూడా దించు.”

తమ్ముడు సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

“ఎంత దించాలక్కా?”

“కూర్చునే ఉన్నాగా. కొలుచుకో.”