డ్రైవ్‌వేలో మంచు

2023 చలికాలంలో కెనడాలోని మా ఒషావాలో ఏ ఇంటి బేస్‌మెంట్ చూసినా అద్దెకున్న స్టూడెంట్లే. మా కింద మధుమిత, అచ్యుత్ దిగారు. మధుమిత కరీంనగర్ పిల్ల. చదువు ఆమెది, వీసా ఆమెది, సాయంత్రాలు స్టోర్‌లో నిలబడి వాచిన కాళ్ళూ ఆమెవే. అతను ఆమె వెంట వచ్చిన మొగుడు. ఆ మాట ఎవరైనా అంటే అతనికి ఒళ్ళు మండేది.

ఒకరోజు మధుమిత కాగితం ముక్కలు పట్టుకుని పైకొచ్చింది.

"ఆంటీ, ఆడోళ్ళ మీద మన సామెతలు చెప్పుండ్రి. అసైన్‌మెంట్ ఉంది. నా పార్ట్‌నర్ దీనారాది కజకిస్తాన్. వాళ్ళయి ఆమె రాస్తది."

వంకాయలు తరుగుతూనే గడగడా పదకొండు చెప్పాను. అన్ని గుర్తున్నందుకు మురిసిపోయాను కూడా.

శనివారం దీనారా వచ్చింది. ఇద్దరూ నా డైనింగ్ టేబుల్ మీద ముక్కలన్నీ పరిచారు. ఆడదానికి బుర్ర లేదనేవి ఒక కుప్ప. కూతుర్ని పుట్టింటికి పరాయిదాన్ని చేసేవి ఒకటి. పెళ్ళాన్ని కొట్టి దారికి తెచ్చుకోమనేవి మూడోది, అదే పెద్దది. భాషలు వేరు, కుప్పలు మాత్రం అవే.

"మనం చుట్టాలమా ఏంటి?" అని దీనారా నవ్వింది. నేనూ నవ్వాను. సిగ్గులేని నవ్వు.

ఎందుకంటే కింద జరిగేది నాకు తెలుసు. చప్పుడు మొదలవగానే మావారు టీవీ సౌండ్ పెంచేవారు. "మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకే?" అనేవారు. నేను ఊ కొట్టేదాన్ని.

అసైన్‌మెంట్ ప్రెజెంటేషన్ రోజు పొద్దున మధుమితను కాలేజీకి తీసుకెళ్దామని దీనారా కారులో వచ్చింది. ఇంటి ముందు కారు ఆపుకునే డ్రైవ్‌వేలో ముగ్గురం నిలబడ్డాం. మధుమిత చెంప కమిలిపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. ఇక్కడే డ్రైవ్‌వేలో మంచు మీద జారి పడ్డానంది.

"మా అమ్మ కూడా మంచు మీదే జారేది. ఎండాకాలంలో కూడా," అంది దీనారా మెల్లగా. తర్వాత కాళ్ళ కిందికి చూసింది. కాంక్రీటు పొడిగా ఉంది. మంచు పేరుకోకుండా రాత్రే ఉప్పు చల్లింది నేనే.

"ఆంటీ, ఇక్కడ మంచు ఉందా? మీరు నిజం చెబితే ఈమె ఒప్పుకుంటుంది. కాలేజీలో సాయం చేసేవాళ్ళున్నారు. ఇప్పుడే తీసుకెళ్తాను."

అచ్యుత్ బేస్‌మెంట్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మధుమిత ఆ తెరుచుకున్న ఒక్క కన్నుతో నన్నే చూస్తోంది. లేదని నేనంటే కారెక్కేస్తుంది. నాకది తెలుస్తూనే ఉంది.

"ఉందమ్మా," అన్నాను. "ఇప్పుడే ఉప్పు చల్లి కరిగించాను."

మధుమిత కాగితం ముక్కల కట్ట దీనారా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అతను తలుపేశాడు.