మింగిన దగ్గు
లైబ్రేరియనమ్మ గడకర్రలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆవిడ లైబ్రరీ గదిలో చీమ చిటుక్కుమనకూడదు. ఎవరు దగ్గినా బయట మెట్ల మీదికి పంపేస్తుంది. తనకొస్తే రుమాలు నోటికి అదిమి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మింగేస్తుంది. నెలలు గడిచినా ఆ దగ్గు తగ్గకపోతే డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. "ఇది అంటుకునే క్షయ కాదమ్మా, మట్టిలో, నీళ్లలో ఉండే ఇంకో క్రిమి, క్షయ క్రిమికి చుట్టం. మీలా బక్కపలచగా ఉండి, దగ్గు ఆపుకునే పెద్దవయసు ఆడవాళ్లలో ఎక్కువ చూస్తుంటాం. మందులు వాడండి, దగ్గొస్తే దగ్గేయండి," అన్నాడు. మర్నాడు గదిలోనే దగ్గు తన్నుకొచ్చింది. రుమాలు తీయబోయి ఆగి, గట్టిగా దగ్గింది. తలలన్నీ లేచాయి. దగ్గినందుకు ఆవిడ ఎన్నోసార్లు బయటికి పంపిన, రోజూ పేపరు చదవడానికొచ్చే తాత మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "కానివ్వండమ్మా, మెట్ల మీద ఎండగా ఉంది," అన్నాడు. ఆవిడ వేలు అలవాటుగా పెదాల దాకా లేచింది. దాన్ని దించేసి, మళ్లీ దగ్గింది.