ఆశీర్వాదం గారి గొర్రెల దొడ్డి

మొన్న వాన వెలిశాక మునిసిపాలిటీ వాళ్ళు మా వీధి కాలవ పొడుగునా సున్నం చల్లి, ఫినాయిలు పోసి వెళ్ళారు. తలుపు తీయగానే తడిమట్టి వాసనతో కలిసి ఆ ఘాటు ఇంట్లోకి వచ్చింది. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గడపలో నిలబడి కాసేపు హాయిగా పీల్చాను. నెల్లూరులో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళయినా ఆ వాసన నన్ను మైపాడుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడు తోపుకే తీసుకుపోతుంది. అక్కడ తాటిమట్టలతో దడి కట్టిన గొర్రెల దొడ్లు ఉండేవి. వాటి మధ్య పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు లేకుండా తిరిగే డాక్టరు ఆశీర్వాదం గారు ఉండేవారు.

ఆయన పశువుల డాక్టరు. నేను బ్లాకు ఆఫీసులో గ్రామసేవికను, ఉద్యోగంలో అప్పుడే చేరాను. అవి అరవయ్యో దశకం తొలి సంవత్సరాలు. ఒక కార్తీకంలో తుపాను వచ్చి సముద్రం ఊళ్ళ మీద పడింది. మనుషులు చాలామంది ఇసుకదిబ్బలెక్కి బతికారు. పశువుల పలుపులు విప్పే వ్యవధి లేకపోయింది. నీళ్ళు తీశాక ఆ పల్లెల్లో నేను మొదట గమనించింది నిశ్శబ్దం. ఒక మేక అరుపు లేదు, ఎక్కడో ఒక పెరట్లో తప్ప కోడి కూత లేదు. రైతులకు గొర్రెల్నీ కోళ్ళనీ పంచాలని పైవాళ్ళు నిర్ణయించి, ఆ పని ఆశీర్వాదం గారికి అప్పగించారు. ఆడవాళ్ళతో మాట్లాడటానికి ఆయన నన్ను అడిగి తీసుకున్నారు.

పొడుగ్గా, నల్లగా, బక్కపలచగా ఉండేవారు. కావలి వైపు మనిషి. ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థన అయ్యాక ఆ తెల్లచొక్కాతోనే నేరుగా దొడ్డికి వచ్చేవారు. ఆయన గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. ఎదుటివాళ్ళు అరిచే కొద్దీ ఆయన ఇంకా నెమ్మదిగా మాట్లాడేవారు. ఆ మాట వినపడాలంటే అరిచేవాళ్ళు అరుపు ఆపక తప్పేది కాదు.

మొదట వచ్చిన లారీల కోసం ఊరంతా పలుపుతాళ్ళు పట్టుకుని పరిగెత్తింది. తీరా చూస్తే అందులో ఉన్నది ఎండుగడ్డి. రైల్లో బిట్రగుంటకు చేరిన గడ్డిని అక్కణ్ణుంచి లారీలకెత్తించి తెప్పించారాయన. పెంచలయ్య అనే కుర్ర రైతు ముందుకు వచ్చాడు. తుపానులో అతని మంద మొత్తం పోయింది.

“గొర్రెలిస్తామని చెప్పి గడ్డి తెచ్చినారేంది డాక్టరయ్యా? దీన్ని మేం తినాల్నా?”

ఆశీర్వాదం గారు నవ్వలేదు, కోప్పడలేదు. “పెంచలయ్యా, నీ గట్టు మీద గడ్డి ఉంది గదా, నాలుగు పరకలు పీకి నమిలి చూడు” అన్నారు.

అతను విసురుగా వెళ్ళి నమిలి, వెంటనే ఉమ్మేశాడు. “ఉప్పు!”

“గుంటలో నీళ్ళూ అంతే. మెట్ట నుంచి వచ్చే గొర్రె ఇది తిని, అవి తాగి ఎన్నాళ్ళు బతుకుద్ది? ముందు దానికి కూడూ నీళ్ళూ చూద్దాం. ఆ తర్వాత దాన్ని పిలుచుకుందాం.”

ఆ మర్నాడు పెంచలయ్యే నీళ్ళు చిమ్మే గూడబుట్ట తెచ్చాడు. ఊరంతా వంతులేసుకుని ఉప్పునీళ్ళు తోడి గుంటను ఖాళీ చేశారు. నేనూ చీర బిగించి గూడ తాడు పట్టుకున్నాను. చేతులు బొబ్బలెక్కాయి గానీ, తర్వాత పడిన వానకు గుంట నిండి, నీళ్ళు తియ్యగా మారినప్పుడు అందరితో పాటు నేనూ దోసిలి పట్టి తాగాను.

గొర్రెలు ఉదయగిరి వైపు నుంచి వచ్చాయి. తెల్లవి, మూతి మీద నల్లమచ్చలున్నవి, కాళ్ళు పొడుగ్గా ఉండేవి. ఒక్కో లారీలో వచ్చినవాటిని ఒక్కో దొడ్లో పెట్టించి, దొడ్డికీ దొడ్డికీ మధ్య చాలా ఎడం వదిలించారు. రెండు మూడు వారాలు వాటిని ఇక్కడే ఉంచి చూడాలనీ, రోగం లేదని తేలాకే ఇళ్ళకు తోలాలనీ ఆయన చెప్పగానే గోల మొదలైంది. ఊరి ప్రెసిడెంటు మంచివాడే, కానీ నడుమ నలిగిపోతున్నాడు.

“జనం నన్ను పీక్కు తింటుండారు డాక్టరుగారూ. ఆదివారం పంపకానికి పెద్దోళ్ళు వస్తుండారు. పందిరి కూడా వేయించినా.”

“పందిరి ఉంచండి. గొర్రెలకు ఎండ తగలకుండా పనికొస్తుంది” అన్నారు ఆశీర్వాదం గారు. ప్రెసిడెంటు తలపాగా విప్పి దులుపుకుని వెళ్ళిపోయాడు. పెద్దలు ఆ ఆదివారం రాలేదు. దొడ్డి బయట కూర్చున్న జనం మాత్రం కదల్లేదు. మాటలు ముదిరిపోతున్నాయి. ఎవరో దడి మీద చెయ్యి వేసి ఊపారు కూడా.

అప్పుడు మస్తానమ్మ లేచింది. మొగుడు పోయి, అత్తనూ చిన్న కూతుర్నీ సాకుతున్న మనిషి. “ఇయ్యకపోతే మానె, చూడనన్నా చూడనియ్యండయ్యా. మా గొర్రె మొహం మాకు తెలియొద్దా?” అంది.

ఆశీర్వాదం గారు నావైపు తిరిగి, “ఈ మాట మనకెందుకు తోచలేదమ్మాయ్?” అన్నారు.

మర్నాడు చీట్లు తీసి ఏ గొర్రె ఎవరిదో తేల్చేశారు. ప్రతి దొడ్డి వాకిట్లో ఫినాయిలు నీళ్ళ తొట్టి పెట్టించారు. అందులో కాళ్ళు ముంచి లోపలికి పోవాలి, తన దొడ్డికి తప్ప ఇంకో దొడ్డికి పోకూడదు. పొద్దున్నే వచ్చి తన గొర్రెకు తన చేత్తో మేత పెట్టుకోవచ్చు. అంతే, కోపాలన్నీ ఎటు పోయాయో తెలియదు. కొద్ది రోజుల్లోనే గొర్రెలకు పేర్లు వచ్చాయి. మస్తానమ్మ తన గొర్రెను ‘రాణీ’ అని పిలిస్తే, అవతలి దొడ్లో ఇంకో రాణి కూడా తలెత్తేది. తెల్లవారితే ఆ తోపు తిరునాళ్ళలా ఉండేది. తుపాను తర్వాత ఆ ఊరివాళ్ళు నవ్వగా నేను విన్నది అక్కడే.

ఒక పొద్దున పెంచలయ్య కంగారుగా వచ్చాడు. “నా గొర్రె మేత ముట్టలేదు డాక్టరయ్యా. కళ్ళెంబడి నీళ్ళు కారతుండాయి.”

ఆయన వెళ్ళి గొర్రె చెవులు పట్టి చూసి, తోక ఎత్తి చూశారు. తోక కింద ఎర్రటి పొక్కులు. బొబ్బరోగం. ఆ దొడ్డికి రాకపోకలు ఆపేశారు. ఆయనా పెంచలయ్యా లోపల ఉండిపోయారు. అన్నం మూటలు నేను దడి మీదుగా అందించేదాన్ని. ఆ దొడ్లో కొన్ని చనిపోయాయి, ఎక్కువ భాగం తేరుకున్నాయి. చనిపోయినవాటిని లోతుగా గోతులు తీసి, సున్నం పోసి పూడ్చారు. వాటిలో పెంచలయ్య గొర్రె కూడా ఉంది.

గోతి పక్కన ఇసుకలో కూలబడ్డాడు. “నా చేత్తో మేపినా, నా చేత్తోనే పూడ్చినా. ఇంక నాకొద్దు డాక్టరయ్యా.”

ఆశీర్వాదం గారు కూడా పక్కనే ఇసుకలో కూర్చున్నారు. పెంచలయ్య ఏడుపు దానంతట అది ఆగిన తర్వాత, “ఆ పొద్దున నువ్వు చూసి చెప్పబట్టి మిగతా దొడ్లు నిలిచినాయి. నాకంటే ముందు నువ్వే కనిపెట్టావు” అన్నారు. “నీలాంటివాడు వద్దంటే నేనింకెవరికి ఇవ్వను?”

రోగం ఇంకే దొడ్డికీ పాకలేదు. గొర్రెల్ని ఇళ్ళకు తోలిన రోజు సభ లేదు, దండలు లేవు. ప్రెసిడెంటే స్వయంగా తడికె తీశాడు. ఎవరూ పలుపు వాడలేదు. పేరు పెట్టి పిలుస్తూ నడిస్తే గొర్రెలు వెనకాలే పోయాయి. తర్వాతి లారీలో వచ్చిన చూడిగొర్రె ఒకదాన్ని పెంచలయ్య తీసుకున్నాడు. వద్దన్న మాట మళ్ళీ అతనూ ఎత్తలేదు, ఎవరూ గుర్తుచేయలేదు.

కోళ్ళ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఐసు పెట్టిన ఫ్లాస్కులో నెల్లూరు నుంచి కొక్కెర తెగులు టీకా మందు తెచ్చి, ఒక్కొక్క కోడికీ రెక్క కింద సూది వేశాం. పంచే రోజు మగవాళ్ళు గంపలతో బారులు తీరితే, “మీ ఇంట్లో సాయంత్రం కోళ్ళను గంప కింద కమ్మేదెవరు?” అని అడిగారాయన. “ఆడోళ్ళే” అన్నాడొకడు. “అయితే ఆళ్ళనే రమ్మనండి. పొద్దు గుంకేవేళ రమ్మనండి. ఇప్పుడిస్తే కొత్త ఇంట్లో బెదిరి పారిపోతాయి. అప్పుడిస్తే గంప కింద సద్దుకుని పడుకుంటాయి.” ఆ సాయంత్రం ఆడవాళ్ళు కోళ్ళను చంకన పెట్టుకుని వరసగా ఇళ్ళకు పోతుంటే, ప్రెసిడెంటు గారి భార్య తనకు రాలేదని అలిగింది. ఆమె పెరట్లో కోళ్ళు తుపానుకు కూడా చెక్కుచెదరలేదని ఊరందరికీ తెలుసు!

గొర్రెలు తీసుకున్నవాళ్ళు ఒక మాట ఇచ్చారు. తమ గొర్రె ఈనిన తొలి ఆడపిల్లను, గొర్రె అందని ఇంకో ఇంటికి ఇవ్వాలి. మరుసటి ఏడాది మస్తానమ్మ గొర్రె ఈని, పిల్ల పెద్దదై, దాన్ని ఊరి చివర ఒంటరిగా ఉండే ఆదెమ్మకు ఇచ్చే రోజు వచ్చింది. నేను మంచి చీర కట్టుకుని బయల్దేరాను. ఆశీర్వాదం గారు పెంచలయ్య చేలో గొర్రెలకు పెరిగిన గిట్టల అంచులు కోస్తున్నారు.

“ఎక్కడికమ్మాయ్?”

“ఇవాళ మస్తానమ్మ పిల్లనిస్తోంది గదండీ. మీరు రారా?”

“ఇచ్చేది ఆమె. మనం పోయి నిలబడితే సర్కారు ఇచ్చినట్టుంటుంది” అని, “ఇక్కడే కూర్చో, ఈ కాలు పట్టుకో” అన్నారు.

గొర్రె కాలు పట్టుకుని అక్కడే కూర్చున్నాను. చేలకు అవతల గట్టు మీద మస్తానమ్మ పిల్లను మెడ చుట్టూ వేసుకుని నడుస్తోంది. నిన్నటిదాకా తానూ చెయ్యి చాచి నిలబడ్డ మనిషి, ఇవాళ వెనకాల నలుగురు ఆడవాళ్ళు రాగా తల ఎత్తుకుని పోతోంది. ఆదెమ్మ గుడిసె ముందు చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చింది. మస్తానమ్మ పిల్లను దించి, ఆదెమ్మ చేతుల్లో పెట్టింది. వెనక్కి నాలుగడుగులు వేసి, మళ్ళీ తిరిగి వెళ్ళి ఏదో చెప్పింది. మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగింది. ఆశీర్వాదం గారు కత్తి ఆపి అటే చూస్తున్నారు. ఆయన ముఖంలో అంత తృప్తి నేను ఎన్నడూ చూడలేదు.

కొన్నాళ్ళకు ఆయనకు బదిలీ అయింది. తర్వాత ఎక్కడెక్కడో పనిచేసి, పదవీ విరమణ చేసి, కావలిలో కన్నుమూశారని తెలిసింది. నేను ఆ ఉద్యోగంలోనే పెద్దదాన్నయ్యాను. ఎన్నో ఊళ్ళలో ఎన్నో పంపకాలకు నెలల తరబడి తిరిగి ఏర్పాట్లు చేశాను. అన్నీ కుదిరాక, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళే ఆ చివరి ఘడియలో మాత్రం ఏదో ఒక గట్టు చూసుకుని దూరంగా కూర్చోవడం నాకు అలవాటైపోయింది. అంత దూరానికి వాళ్ళ మాటలు వినపడవు. వినపడలేదన్న లోటు నాకెప్పుడూ అనిపించలేదు.