గట్టు మీద ముందు నడిచినవాడు

మా ముందు నడిచే కుర్రాడు పోయాడు. వరి కంకులు పాలు పోసుకునే రోజుల్లో, పొద్దున్నే, అడవి పందుల కోసం చేను చుట్టూ లాగిన కరెంటు తీగ తగిలి పోయాడు. కబురు ఫోన్లలోనే పాకింది. పొదిలి వైపు నుంచీ, దాచేపల్లి వైపు నుంచీ మావాళ్లు బస్సుల్లో, ఆటోల్లో దిగారు. వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఒకటే అడిగారు, "ముందున్నది వాడేనా?" అని. ఇంకెవరుంటారు? పదేపదే ఆ మాటకు జవాబు చెప్పలేక నేను కాసేపు పక్కవీధిలోకి వెళ్లి కూర్చున్నాను.

వాడు మా అక్క కొడుకు. మేము యానాదులం. పొలాల్లో ఎలుకలు పట్టడం మా తాతల నాటి పని. రైతు పిలిస్తే గుంపుగా వెళ్తాం, ఆడా మగా కలిసే. గుంపుకు ముందు ఒకరు నడవాలి. మట్టి చూసి ఏ కలుగులో ఎలుక ఉందో, ఏది వదిలేసిన కలుగో, ఏ కన్నంలోకి పాము దూరిందో చెప్పేది ఆ ఒక్కరే. వెనకవాళ్లు ఆ మాట నమ్మి పలుగు దింపుతారు, చెయ్యి పెడతారు. ఒకప్పుడు అలా ముందు నడిచింది నేనే. చూపు మందగించి, మోకాళ్లు మొరాయించాక వాడికి అప్పజెప్పాను. అప్పజెప్పానని నలుగురిలో చెప్పుకుంటాను గానీ, నిజానికి వాడే నన్ను మెల్లగా వెనక్కి పంపాడు. ఒకరోజు గట్టు ఎక్కుతుంటే, "మామా, ఇయ్యాల నువ్వు కుండ పట్టుకో" అన్నాడు.

కుండ అంటే మా పొగకుండ. లోపల ఎండుగడ్డి కుక్కి నిప్పంటిస్తాం. మూతిని కలుగుకు ఆనించి, అడుగునున్న చిల్లిలోంచి ఊదితే పొగ లోపలికి పోతుంది. ఊదేవాడికి కళ్లమంటలు, దగ్గు తప్ప ఇంకేమీ మిగలవు. అందుకే ఆ పని ఎప్పుడూ వెనక ఉండేవాళ్లది. వారం రోజులు వాడితో మాట్లాడలేదు నేను. వాడు మాత్రం రోజూ మా ఇంటి ముందుకొచ్చి, "కుండ రెడీనా మామా?" అని ఊరంతా వినపడేలా అరిచేవాడు. ఆ గొంతుకు అలిగి ఎంతకాలం కూర్చుంటాం?

వాడి గురించి బయటివాళ్లకు చెబితే నమ్మని సంగతి ఒకటుంది. వాడికి ఎలుక కూర పడదు. చిన్నప్పటి నుంచీ అంతే. కాలనీలో అందరి పొయ్యిల మీదా ఎలుక కూర ఉడుకుతుంటే అక్క వాడికి విడిగా కోడిగుడ్డు పులుసు పెట్టేది. "మన కులం పరువు తీస్తన్నావు గదరా" అని నేనంటే, "పరువు నువ్వు తిను మామా, నాకు గుడ్డు చాల్లే" అనేవాడు. సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు కూడా ఇదే గొడవ. పిల్ల తండ్రి ఆప్యాయంగా వడ్డిస్తే వాడు కంచం పట్టుకుని నా వంక దీనంగా చూశాడు. అల్లుడికి పథ్యమని అబద్ధమాడి, వాడి వాటా కూడా నేనే తిన్నాను. ఆ సంబంధం కుదిరింది. పెళ్లి ఈ వేసవిలో అనుకున్నాం. కబురు విని ఆ పిల్ల కూడా వచ్చింది, వాళ్ల నాన్న వెనకాలే నిలబడి, ఏడవాలో వద్దో తెలియనట్టు చూస్తూ.

కలుగు తవ్వితే లోపల ఎలుకలు దాచుకున్న కంకులు దొరుకుతాయి. ఆ కంకులు మావేనని రైతులూ మేమూ మొదటి నుంచీ అనుకున్న మాట. వాటిని కాలవలో కడిగి, ఆరబెట్టి దంచితే వచ్చే బియ్యంలో కాస్త మట్టివాసన ఉంటుంది. వాడికి ఆ అన్నమంటే ప్రాణం. ఎవరైనా విసుక్కుని ఎలుకను తిడితే ఊరుకునేవాడు కాదు. "దాన్నేం అనమాక. మనకంటే ముందు కోత కోసింది అదే" అనేవాడు. పిల్లలున్న కలుగు తగిలితే మాత్రం తవ్వనిచ్చేవాడు కాదు, ఏదో వంక చెప్పి గుంపును ముందుకు నడిపించేవాడు. రైతుకు తెలిస్తే తంతాడురా అని నేను భయపడేవాణ్ణి.

ఇంతటి మనిషికి ఒక చాదస్తం ఉండేది. నడిచేటప్పుడు వెనక ఎవరూ దగ్గరగా రాకూడదు. మా కాలంలో ఒకరి వీపుకు ఒకరం తగులుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్లం. పందుల బెడద పెరిగి, చేల చుట్టూ తీగలు రావడం మొదలయ్యాక వాడు ఆ పద్ధతి మార్చేశాడు. ముందు రోజు సాయంత్రమూ, బయలుదేరే ముందూ రైతుకు ఫోన్ చేసి "తీగ తీశారా అయ్యా?" అని అడిగేవాడు. తీశామన్నా సరే, తను గట్టెక్కి చాలా దూరం పోయాక గానీ మమ్మల్ని ఎక్కనిచ్చేవాడు కాదు. మాట్లాడాలంటే కేకలు వేసుకోవాల్సిందే. ఆడవాళ్లు తెగ ఏడిపించేవాళ్లు, "దొరగారికి మన గాలి సోకకూడదంట" అని. వాడు నవ్వేవాడు, పద్ధతి మాత్రం మార్చుకోలేదు. ఒకసారి నేను గట్టిగా అడిగితే ఆగి చెప్పాడు. "నేను పడితే నన్ను పట్టుకోవాకు మామా. నువ్వొచ్చి పట్టుకుంటే నిన్నింకోళ్లు పట్టుకుంటారు. ముందు కరెంటు తీయించు, తర్వాత ఏడుద్దువుగాని." పొద్దున్నే ఏం మాటలురా అని కసిరాను.

ఆ రోజు కూడా ఫోన్ చేశాడు. తీశాం రండి అన్నాడు రైతు. అతను అబద్ధమాడలేదు. అతనికి తెలియకుండా రాత్రి కొడుకు చేను రెండో పక్కన తీగ లాగి, తెల్లారి తీయడం మరిచిపోయాడు. మంచుకు గట్టంతా తడిగా ఉంది. వాడు ముందు వెళ్తున్నాడు, మేము ఎప్పటిలాగే ఎంతో వెనక ఉన్నాం. వాడు కూలబడటం చూశాను. కుండ పారేసి పరిగెత్తాను. నా వెనక వచ్చే మా తమ్ముడు నా చొక్కా పట్టుకుని లాగి, "వాడేం చెప్పాడు? వాడేం చెప్పాడు?" అని అరిచాడు. ఇంకొకళ్లు మోటారు షెడ్డు వైపు ఉరికారు. ఫ్యూజు తీసేదాకా నేను అక్కడే నిలబడ్డాను. చేతులతో ఎత్తుకుని పెంచిన పిల్లవాణ్ణి, కళ్ల ముందు పడిపోతే, తాకకుండా నిలబడ్డాను. వాడి మాట విన్నందుకే ఈ రోజు మేమందరం ఉన్నాం. ఈ సంగతి తెలుసు. తెలిసినంత మాత్రాన నా చేతుల బాధ తీరడం లేదు.

పోలీసులు వచ్చారు, కేసు నడుస్తోంది. ఆ సంగతులు ఇక్కడ రాయను. కాలనీలో నాలుగు ముక్కలు రాయడం వచ్చింది నాకే గనక, వాడిది మాత్రం రాస్తున్నాను.

వాడు పోయాక మేము పలుగులు పట్టలేదు. కొందరు మిరపకోతలకు వెళ్లారు, కొందరు పత్తి ఏరారు. ఇళ్ల ముందు కుండలు బోర్లించే ఉన్నాయి. మొన్న పక్కూరి రైతొకాయన మోటారుసైకిల్ మీద వచ్చాడు. మొక్కజొన్న వేశాడట, ఎలుకలు కండెలన్నీ కొరికేస్తున్నాయట. మావాళ్లు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. ముందు ఎవరు నడవాలి? కుర్రవాళ్లలో ఎవరైనా సరేనంటారేమోనని వాళ్ల తల్లులు వాళ్ల వంకే చూస్తున్నారు. పని మానేస్తే మాకు వచ్చిన విద్య పోతుంది. వెళ్తే ఇంకో ఇంటి పిల్లవాడు ముందుండాలి.

"నేను నడుస్తాలే. చూపు లేకపోతే ఏం, ఇంకేం చూడాలి నేను" అన్నాను.

"నువ్వూ నడవొద్దు" అంది అక్క. ఇన్నాళ్లూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని మనిషి లేచి రైతు ముందుకొచ్చింది. "అయ్యా, చేను ఎవరిది?"

"నాదేనమ్మా."

"తీగేమన్నా లాగారా?"

"ఒట్టు, లేదమ్మా. ఇంత జరిగినాక ఎట్టా లాగుతాం?"

"అయితే ముందు మీరు నడవండి. చెప్పులిప్పి గట్టంతా తిరిగిరండి. తర్వాత మావాళ్లు దిగుతారు. మీ చేలోనే కాదు, ఇకమీదట ఎవరి చేలోనైనా ఇంతే."

మా కాలనీలో రైతుతో అలా మాట్లాడినవాళ్లు లేరు. ఆయన ముఖం ఎర్రబడింది. మోటారుసైకిల్ తాళం తిప్పుతాడేమో అనుకున్నాను. అక్క గొంతు పెంచలేదు.

"కోపం వచ్చిందా అయ్యా? లేదన్నారుగా, నడవటానికేం?"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి తమ్ముడికి చేశాడు. "ఒరేయ్, రాత్రి చేలో తీగేమన్నా పెట్టావా? సరిగ్గా చెప్పు... ఎందుకైనా మంచిది, నువ్వు షెడ్డు దగ్గరికి పోయి ఫ్యూజు పీకి చేతిలో పెట్టుకో. నేను చెప్పిందాకా పెట్టమాక." ఆ మాటలు విని మావాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

చేను దగ్గర ఆయన చెప్పులు విప్పాడు. పంచె పైకి దోపుకుని గట్టెక్కాడు. రోజూ తిరిగే గట్టే అయినా కిందికి చూసుకుంటూ, ఒక పాదం ఆనాక గానీ రెండోది ఎత్తకుండా నడుస్తున్నాడు. మేము ఎవరం కదల్లేదు. మూల మలుపు దగ్గర ఆయన ఆగి మా వైపు చూశాడు. అక్క చెయ్యెత్తి, ఇంకా ఉంది నడవండి అన్నట్టు సైగ చేసింది. ఆయన గట్టంతా తిరిగి మా దగ్గరికి క్షేమంగా వచ్చేదాకా అక్క ఆయన పాదాలనే చూస్తూ నిలబడింది.