నీళ్ళ మామ్మ, నల్లచారల గుడ్డ

నీళ్ళ మామ్మ పోయింది. పోయిన వారం మంగళవారం పొద్దున, వెనక వీధిలో ఒక పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి బయల్దేరబోతూ, చేతులకు ఆముదం రాసుకుంటూ, అరుగు మీద అలాగే పక్కకు ఒరిగిపోయిందట. అమ్మ ఫోన్ చేసేసరికి నేను చిలకలూరిపేటలో, పత్తి బేళ్ళ లారీల వెనక ఇరుక్కున్న బస్సులో నిలబడి ఉన్నాను. "మామ్మ పోయిందిరా" అంది అమ్మ. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ ఫోన్‌లో మాట్లాడకుండా ఉండటం నేను పుట్టాక అదే మొదటిసారి. ఆ మౌనంలో ఏముందో మా ఇద్దరికీ తెలుసు. మీకూ చెప్పాలి.

ముందు నా అర్హతలు మనవి చేసుకుంటాను. నేను బి.టెక్. పట్టభద్రుణ్ణి. అంటే తెలియని విషయం మీద కూడా తడుముకోకుండా మాట్లాడగలను. దీనికి తోడు మా ఇంట్లో నాకు జోకులేసేవాడన్న పేరొకటి ఉంది. ఈ రెండు అర్హతలూ కలిసి చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను.

మామ్మకు సొంత పేరు ఒకటి ఉండేది గానీ అది పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. మా ఊళ్ళో నా ఈడు వాళ్ళందరికీ పసితనంలో నీళ్ళు పోసింది ఆమే. పీట మీద కూర్చుని, రెండు కాళ్ళూ బారజాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, ఆముదం పట్టించి, నలుగు పెట్టి, వేన్నీళ్ళు పోసేది. చివర్లో బిడ్డ ముక్కును రెండు వేళ్ళతో పట్టి సున్నితంగా తీర్చేది. నేను ఎదురుపడినప్పుడల్లా నా మొహం పరీక్షగా చూసి, "నీ ముక్కు ఇంకో వారం తీర్చాల్సిందిరా. మీ అమ్మ తొందరపడి మాన్పించింది" అనేది. ఊళ్ళో అందరి ముక్కుల మీదా ఆమెకు ఒక అభిప్రాయం ఉండేది.

నీళ్ళు పోయడం అందరికీ కనపడే పని. అంతకు ముందు ఆమె చేసే పని ఎవరికీ పెద్దగా పట్టేది కాదు. నీళ్ళు పోశాక బిడ్డ నిద్రపోతుంది కాబట్టి, పోయకముందే, పాలు తాగి తెలివిగా ఉన్నప్పుడు ఒక పావుగంట బిడ్డతో ఆడేది. ఆటంటే పెద్దగా ఏం లేదు. పాత తెల్లపంచె ముక్క మీద నల్ల జాకెట్టు గుడ్డను చారలుగా, గుండ్రాలుగా కత్తిరించి కుట్టుకుంది. దాన్ని బిడ్డ మొహానికి జానెడు దూరంలో పట్టుకుని ఊరికే ఉండేది. బిడ్డ చూపు వచ్చి ఆ చారల మీద వాలేదాకా కదిలించేది కాదు. వాలాక, ఆ పక్క నుంచి ఈ పక్కకు చాలా నెమ్మదిగా జరిపేది. చూపు తెగిపోతే ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ కలుపుకునేది. గుడ్డ అయిపోయాక తన మొహం. పెద్ద కుంకుమబొట్టుతో, అంతే దూరంలో, అంతే నెమ్మదిగా.

"పాలు కడుపులోకి పోస్తే సరిపోయిద్దా? కళ్ళకీ ఏదో ఒకటి పెట్టాలి" అనేది. బిడ్డ మొహం పక్కకు తిప్పుకోగానే ఆపేసేది. అది బిడ్డ చాలని చెప్పడమేనని, నోరు లేనివాళ్ళ మాట ముందు వినాలని చెప్పేది. ఉయ్యాల్లో నడినెత్తిన ఏదీ వేలాడగట్టనిచ్చేది కాదు. మెల్లకన్ను వస్తుందనేది. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మాత్రం మా వీధిలో లేరు.

రెండున్నరేళ్ళ కిందట అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మేనమామ హోదాలో నేను నెట్‌లో ఒక ఆటబొమ్మ తెప్పించాను. ఉయ్యాల పైన గిర్రున తిరుగుతుంది, పాట పాడుతుంది. లేత గులాబీ ఏనుగులు, లేత నీలం చుక్కలు. మామ్మ దాని కింద నిలబడి కాసేపు చూసింది.

"ఎవరికిరా ఇది?"

"పాపకే మామ్మా. మెదడు పెరుగుద్దంట."

"ఈ వెలిసిపోయిన రంగులు నాకే ఆనట్లేదు, దానికేం ఆనతయ్యి? అంత బిరాబిరా తిరిగితే దాని చూపు ఎట్టా అందుకునిద్ది? నువ్వు ఆడుకో."

నిజంగానే తర్వాత నేనే ఆడుకున్నాను.

పాప కళ్ళ గురించి చెప్పాలి. చారడేసి కళ్ళు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఆ మాటే అనేవాళ్ళు. వాళ్ళు గుమ్మం దాటీ దాటకముందే అమ్మ దిష్టి తీసేది. అక్క రోజుకో ఫొటో తీసి అత్తగారింటికి పంపేది. ఆ కళ్ళు రోజురోజుకీ ఇంకా పెద్దవవుతున్నట్టుంటే మేము మురిసిపోయాం. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా సమయం పట్టింది.

అది మాఘమాసం. కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ రోజుల్లో మా ఊళ్ళో అందరి కళ్ళూ చెమ్మగానే ఉంటాయి. తుమ్మకుండా పది నిమిషాలు మాట్లాడాడంటే వాడు పొరుగూరివాడని అర్థం. కాబట్టి పాప కళ్ళు ఎప్పుడూ నీరు కారుతుంటే అది కూడా ఈ ఊరిదైపోయిందని నవ్వుకున్నాం. వాకిట్లోకి తెస్తే కళ్ళు గట్టిగా మూసుకుని మొహం భుజంలో దాచుకునేది. సిగ్గనుకున్నాం.

నలభయ్యో రోజు దాటాక ఒక పొద్దున మామ్మ గుడ్డ పట్టుకుని చాలాసేపు కూర్చుంది. దగ్గరకు తెచ్చింది, దూరం జరిపింది. కిటికీ మూయించి చూసింది, తీయించి చూసింది. తర్వాత గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని అక్కతో అంది.

"అమ్మాయ్, పిల్లని కళ్ళ డాక్టరుకి చూపించండి."

విసుగొచ్చి మొహం తిప్పుకుంటోందేమో, నువ్వే చెప్తావుగా అంది అక్క.

"విసుగొచ్చిన బిడ్డ ముందు ఒక్కసారన్నా చూసిద్ది. చూసి, చాలని తిప్పుకునిద్ది. ఇది చూడకుండానే తిప్పుకుంటంది."

అక్క మొహం పాలిపోయింది. అలాంటి సమయాల్లో ఇంట్లో వాతావరణం తేలిక చేయడం నా బాధ్యత అని నేను చిన్నప్పటి నుంచీ నమ్ముతున్నాను. గుమ్మానికి ఆనుకుని, చాలా గంభీరంగా ఇలా అన్నాను:

"మామ్మా, నువ్వు చేతులకున్న కారం కడుక్కుని రా. పిల్ల కళ్ళు అవే తెరుచుకుంటాయ్."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, ఊపిరి పీల్చుకున్నట్టు. మామ్మ ప్రతి ఏడూ ఆ రోజుల్లో మధ్యాహ్నాలు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేదని ఊళ్ళో అందరికీ తెలుసు. నవ్వు ఆగాక అమ్మ మొహంలో ఇంకేదో కదిలింది. నిజమేనేమో, ఆ ఘాటు చేతులతోనే కదా పిల్ల మొహం తడుముతోంది అని పైకే అంది. నా జోకు నా కళ్ళముందే రోగ నిర్ధారణ అయిపోయింది. నేను సరిదిద్దలేదు. సరిదిద్దకపోగా, ఫోన్ తీసి ఎలర్జీ అనే మాట కూడా వెతికి అందించాను.

మామ్మ ఒకసారి తన అరచేతులు చూసుకుంది.

"చూడాల్సింది నా చేతుల్ని కాదయ్యా. పిల్ల కళ్ళు చూడండి" అంది. గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రావద్దని అమ్మ కబురు చేసింది. ఆమె వచ్చింది. లోపలికి కాదు, గేటు దాకా. నాలుగైదు రోజులు వరసగా వచ్చి, చూపించారా అని మాత్రం అడిగి వెళ్ళేది. చూపిస్తాంలే అని ఒకరోజు, పంట ఇల్లు చేరాక అని ఒకరోజు చెప్పి పంపించాం. తర్వాత రావడం మానేసింది.

మిరపకాయలు కల్లాలు దాటి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయాయి. ఊళ్ళో అందరి కళ్ళూ ఆరిపోయాయి. పాప కళ్ళు ఆరలేదు. కుడికన్ను నల్లగుడ్డు మీద పలచని నీలిపొర కమ్మినట్టు కనపడ్డ రోజున గుంటూరు పరిగెత్తాం. డాక్టరుగారు లైటు వేసి చూశారు. లోపల నీటి ఒత్తిడి పెరిగిపోయిందనీ, పసికన్ను మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడికి బుడగలా సాగుతుందనీ, అందుకే కళ్ళు అంత పెద్దవిగా కనపడుతున్నాయనీ చెప్పారు. అక్క ఫోన్‌లో రోజుకొకటిగా తీసిన ఫొటోలను మొదటి నుంచీ తిప్పి చూడసాగింది.

ఆయన మమ్మల్ని తిట్టలేదు. "రెండు నెలల ముందు తెస్తే బాగుండేది. బిడ్డ సరిగా చూడట్లేదని ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదా?" అని అడిగారు.

అమ్మ నన్ను చూసింది. నేను డాక్టరుగారిని చూశాను.

"లేదండి. ఎవరూ కనిపెట్టలేదు" అన్నాను.

రెండు కళ్ళకూ ఆపరేషన్ చేశారు. ఎడమకన్ను కొంత దక్కింది. కుడికన్ను దక్కలేదు.

తిరిగొచ్చిన వారానికి నేను మామ్మ ఇంటికి వెళ్ళాను. క్షమాపణ ఎలా చెప్పాలో దారిపొడుగునా సాధన చేశాను. అరుగు ఎక్కగానే ఆమె, "ఏ కన్నురా?" అంది. చెప్పాను. "ఎడమది ఉందా?" అంది. కొంచెం ఉందన్నాను. "అయితే రేపొస్తా" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను సాధన చేసిన క్షమాపణను అలాగే ఇంటికి మోసుకొచ్చాను.

మర్నాడు వచ్చింది. ఈసారి గుడ్డ పెద్దది, చారలు బెత్తెడు వెడల్పు. ఎడమవైపు కూర్చునేది. కళ్ళలో చుక్కలు వేసిన తర్వాత ఎంతసేపు ఆగాలో అక్కను అడిగి మరీ ఆగేది. ఇరవై రోజులు ఏమీ జరగలేదు. ఆ ఇరవై రోజులూ అక్క ఆ గదిలో ఉండలేక పెరట్లో నిలబడేది. తర్వాత ఒక పొద్దున మామ్మ గుడ్డను పక్కకు జరిపితే, పాప తల కూడా జరిగింది. బెత్తెడంత. మామ్మ కేకలేమీ వేయలేదు. గుడ్డ అలాగే పట్టుకుని, "అమ్మాయ్, లోపలికి రా" అని మాత్రం అంది.

ఆ తర్వాత ఏడాదిపాటు వస్తూనే ఉంది. గుడ్డ నుంచి ఎర్రగాజుకూ, గాజు నుంచి స్టీలు గ్లాసుకూ, గ్లాసు నుంచి అద్దంలో సొంత మొహానికీ పిల్లను నడిపించింది. నాతో ఎప్పటిలాగే నా ముక్కు గురించి మాట్లాడేది. నేనూ ఎప్పటిలాగే జోకులేసేవాణ్ణి. ఒక్క విషయం మీద తప్ప అన్నిటి మీదా మాట్లాడుకున్నాం.

ఆ మంగళవారం నేను వెళ్ళేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. మామ్మ కోడలు నన్ను చూసి, మీ పాపంటే మా అత్తకు ప్రాణం అంటూ ఏడ్చింది. మాటల మధ్యలో, నన్ను ఏదో అనాలని కాదు, ఊరికే గుర్తొచ్చి ఇలా అంది:

"మీ పాప పుట్టిన ఏడు అసలు మిరపకాయల పనికే పోలేదు మా అత్త. పసిబిడ్డ కళ్ళ దగ్గర పని, ఆ చేతులతో ఎట్టా ముట్టుకునేదే అంది. కూలి పోయిద్దని మేం పోరినా వినలేదు."

నేను అవునా అన్నాను. బి.టెక్. చదివినవాడికి ఆ క్షణంలో దొరికిన మాట అదొక్కటే.

కాబట్టి చదువుతున్నవారికి తెలియజేయడమేమంటే, బిడ్డ సరిగా చూడట్లేదని మా ఇంట్లో ఒకరు కనిపెట్టారు. నలభై రోజుల బిడ్డను నల్లచారల గుడ్డతో పరీక్షించి, వైద్యం చదవకుండానే కనిపెట్టి, చెప్పారు. మేము నవ్వాం. నవ్వించింది నేను. డాక్టరుగారికి ఆ రోజు చెప్పింది అబద్ధం. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, నెలా పదిహేను రోజులు దాటినా మీ మొహం వెంట చూపు తిప్పకపోతే, వెలుతురు చూడలేక కళ్ళు మూసుకుంటుంటే, దయచేసి నాలాంటివాడి మాట వినకండి. ఆ రోజే తీసుకెళ్ళండి.

పదకొండో రోజు కర్మకు అందరం వెళ్ళాం. ఫొటో ఒకటీ లేక ఆధార్ కార్డులోదే పెద్దది చేయించి పటం కట్టించారు. అందులో మామ్మ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంది. పటాన్ని కిందే, గోడకు ఆనించి పెట్టారు. అక్క చెయ్యి విడిపించుకుని పాప అటు నడిచింది. లావు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరకు వెళ్ళి, ఎడమకన్ను ఆనించి చూసింది. ఊపిరికి అద్దం మసకబారింది. అరచేత్తో తుడిచింది. మళ్ళీ చూసింది. మళ్ళీ మసకబారింది. అక్క లేపబోతే మామ్మ కోడలు వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. భోజనాలకు పిలుస్తున్నారు. మా వెనక జనం లేచి వెళ్ళిపోతున్నారు. పాప తుడుస్తూనే ఉంది, చూస్తూనే ఉంది.